ఫొటోలో దాచిన మాట: స్టెగనోగ్రఫీ ఎలా పనిచేస్తుంది? మన ఫోన్‌కు ప్రమాదం ఎంత?

శుక్రవారం వచ్చిందంటే ఫ్యామిలీ గ్రూపుల్లో 'జుమ్మా ముబారక్' ఫొటోలు వరుస కడతాయి. వాటి వెనకే ఒక హెచ్చరిక కూడా తరచూ తిరుగుతుంటుంది. గుడ్ మార్నింగ్, ముబారక్ ఫొటోల్లో వైరస్ దాచి పంపుతున్నారని, ఫొటో తెరిస్తే చాలు బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని దాని సారాంశం. 2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో ఒక యువకుడు తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను డౌన్‌లోడ్ చేశాక దాదాపు 2 లక్షల రూపాయలు పోగొట్టుకున్నాడని వార్తలు వచ్చాయి. ఆ వార్తలతోపాటే 'స్టెగనోగ్రఫీ' అనే నోరు తిరగని మాట కూడా ఇళ్లలోకి వచ్చేసింది.

ఒక ఫొటోలోనో, పాటలోనో, వీడియోలోనో వేరే సమాచారాన్ని చూసేవాళ్లకు అనుమానం రాకుండా దాచడమే స్టెగనోగ్రఫీ. ఇది పుకారు కాదు, నిజంగా ఉన్న విద్యే. ఒక్క ఫొటోలో ఏకంగా పుస్తకమంత సమాచారం దాచవచ్చు. అయితే అలా దాచిన సమాచారం తనంతట తాను లేచి ఫోన్‌లో పనిచేయదు. దాన్ని బయటకు తీసి నడిపించే ప్రోగ్రామ్ ఇంకొకటి ఉండాల్సిందే. ఈ చిన్న తేడా తెలియక చాలామంది ముబారక్ ఫొటో చూసి భయపడుతున్నారు, అసలు భయపడాల్సిన ఫైలును మాత్రం ధైర్యంగా నొక్కేస్తున్నారు. అందుకే ఈ విద్య ఏమిటో, ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ముప్పో మొదటినుంచి చూద్దాం.

తాళం వేయడం వేరు, దాచడం వేరు

ఒక ఉత్తరాన్ని కాపాడటానికి రెండు దారులున్నాయి. మొదటిది, దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయడం. పెట్టె అందరికీ కనిపిస్తుంది, లోపల ఏముందో తెలియదు. దీన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు యాప్‌లు వాడేది ఇదే. రెండోది, ఉత్తరాన్ని బియ్యం డబ్బా అడుగున పెట్టడం. అక్కడ ఉత్తరం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. ఇది స్టెగనోగ్రఫీ.

తాళం వేసిన పెట్టెను చూస్తే దొంగకు లోపల విలువైనది ఉందని అర్థమవుతుంది. బియ్యం డబ్బాను చూస్తే ఆ అనుమానం రాదు. కానీ ఎవరైనా చేయి పెట్టి వెతికితే ఉత్తరం సులభంగా దొరికిపోతుంది, చదివేయొచ్చు కూడా. అందుకే సమాచార భద్రత నిపుణులు రెండూ కలిపి వాడమంటారు. ముందు తాళం, తర్వాత డబ్బా.

పాత విద్య, కొత్త పేరు

ఈ పద్ధతి కంప్యూటర్లతో పుట్టింది కాదు. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసిన సంఘటన ఒకటి ఎప్పుడూ చెబుతుంటారు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దం మొదలవబోయే సమయంలో, పర్షియా రాజు దగ్గర సూసాలో ఉన్న హిస్టియేయస్ తన అల్లుడు అరిస్టాగోరస్‌కు తిరుగుబాటు కబురు పంపాలనుకున్నాడు. నమ్మకమైన బానిసకు గుండు గీయించి, తల మీద కబురును పచ్చబొట్టుగా పొడిపించాడు. జుట్టు పెరిగాక మిలెటస్‌కు పంపాడు. అక్కడ మళ్లీ గుండు గీస్తే కబురు బయటపడింది. సూసా ఇప్పటి ఇరాన్‌లో, మిలెటస్ ఇప్పటి టర్కీలో ఉన్నాయి.

ముస్లిం ప్రపంచంలో ఈ రెండు విద్యలనూ శాస్త్రంగా చూసినవాళ్లున్నారు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన అల్ కిందీ, రహస్య లిపిలో రాసిన ఉత్తరాన్ని విప్పడానికి అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టే పద్ధతిని రాసిపెట్టాడు. ఈ పద్ధతి గురించి మనకు దొరికిన అత్యంత పాత రచన అదే. ఆ తర్వాత ఈజిప్టులో మమ్లూక్ సుల్తానుల దగ్గర కార్యాలయ గుమస్తాగా పనిచేసిన అల్ ఖల్ఖషందీ 1412లో 'సుబ్హ్ అల్ ఆషా' అనే 14 సంపుటాల భారీ గ్రంథం పూర్తిచేశాడు. ప్రభుత్వ గుమస్తాలకు తెలియాల్సిన విషయాలన్నీ ఉన్న ఆ గ్రంథంలో, ఉత్తరాల్లో రహస్యాలు దాచడం మీద ఒక భాగం ఉంది. కంటికి కనిపించని సిరా సంగతి, రహస్య లిపి సంగతి రెండూ అందులో ఒకే చోట ఉంటాయి. అంటే దాచడం, తాళం వేయడం పక్కపక్కన ఉండాల్సిన పనులని 600 ఏళ్ల కిందటే ఒక గుమస్తా గుర్తించాడన్నమాట.

స్టెగనోగ్రఫీ అన్న పేరు గ్రీకు మాటల నుంచి వచ్చింది. 'కప్పి ఉంచిన రాత' అని అర్థం. జర్మనీకి చెందిన క్రైస్తవ మఠాధిపతి ట్రిథేమియస్ 1499 ప్రాంతంలో ఇదే పేరుతో పుస్తకం రాశాడు. అది అచ్చయింది మాత్రం 1606లో. పైకి చూస్తే ఆత్మలతో కబుర్లు పంపే మంత్రాల పుస్తకంలా ఉంటుంది, లోపల ఉన్నది రహస్య లిపి పద్ధతులు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి జర్మన్లు ఒక పేజీ మొత్తాన్ని ఫొటో తీసి ఫుల్‌స్టాప్ అంత చుక్కగా కుదించి మామూలు ఉత్తరాల్లో అతికించి పంపేవారు. దాన్ని మైక్రోడాట్ అంటారు.

ఇంత దూరం వెళ్లక్కర్లేదు, మన జేబులోని 500 రూపాయల నోటు తీసి చూసినా చాలు. రిజర్వ్ బ్యాంకు ఆ నోటులో దాగిన బొమ్మగా 500 అంకెను ముద్రించింది. నోటును కంటి ఎత్తులో వంచి పట్టుకుంటేనే అది కనిపిస్తుంది. భూతద్దం పెడితే తప్ప చదవలేని సన్నటి అక్షరాలూ అందులో ఉన్నాయి. బొమ్మలో సమాచారం దాచడం మంచి పనికి కూడా వాడతారనడానికి రోజూ చేతులు మారే ఉదాహరణ ఇది.

జైల్లో ఇద్దరు ఖైదీలు

కంప్యూటర్ శాస్త్రంలో ఈ సమస్యను స్పష్టంగా చెప్పింది అమెరికా గణిత శాస్త్రవేత్త గుస్తావస్ సిమ్మన్స్. 1983లో ఆయన దీన్ని ఖైదీల సమస్యగా వివరించాడు. వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరు ఖైదీలు పారిపోయే ప్లాన్ వేసుకోవాలి. ఉత్తరాలు రాసుకోవచ్చు, కానీ ప్రతి ఉత్తరం జైలరు చేతుల మీదుగానే వెళ్తుంది. రహస్య లిపిలో రాస్తే జైలరుకు అనుమానం వచ్చి ఉత్తరాలే ఆపేస్తాడు. కాబట్టి జైలరు చదివినా మామూలు క్షేమ సమాచారంలా కనిపించే ఉత్తరంలోనే అసలు మాట దాచాలి.

ఇక్కడ ఖైదీలు ఓడిపోవడానికి జైలరు ఆ మాటను చదవాల్సిన అవసరం కూడా లేదు. ఏదో దాచారని అనుమానం వస్తే చాలు, ఆట ముగిసినట్టే. ఎన్‌క్రిప్షన్‌కు, స్టెగనోగ్రఫీకి ఉన్న అసలు తేడా ఇదే.

ఫొటో అంటే అంకెల పట్టిక

మరి ఫొటోలో అక్షరాలు ఎలా దాగుతాయి? మనకు ఫొటోగా కనిపించేది కంప్యూటర్‌కు అంకెల పట్టిక. ఫొటో పిక్సెల్ అనే చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. మామూలు రంగుల ఫొటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కో అంకె 0 నుంచి 255 మధ్య ఉంటుంది.

ఈ అంకెలను కంప్యూటర్ 0, 1 లతో ఎనిమిది స్థానాల్లో రాసుకుంటుంది. ఒక్కో స్థానాన్ని బిట్ అంటారు. ఉదాహరణకు 200 అంటే 11001000. ఇందులో మొదటి స్థానం మారితే విలువ ఏకంగా 128 తేడా వస్తుంది, రంగే మారిపోతుంది. చివరి స్థానం మారితే 200 కాస్తా 201 అవుతుంది, అంతే. లక్ష రూపాయల బిల్లులో చివరి పైసా అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోనట్టే, ఈ ఒక్క అంకె తేడాను మనిషి కన్ను పట్టలేదు. ఎవరూ చూడని ఆ చివరి బిట్‌లోనే రహస్యాన్ని కూర్చుతారు. దీన్ని ఎల్‌ఎస్‌బీ పద్ధతి అంటారు. అన్నిటికంటే సులభమైనది, ఎక్కువ ప్రచారంలో ఉన్నది ఇదే.

ఒక తెలుగు అక్షరంతో చూద్దాం. కంప్యూటర్‌లో ఇప్పుడు అందరూ వాడే యూటీఎఫ్-8 విధానంలో 'స' అక్షరం 11100000 10110000 10111000 అని నిలవ ఉంటుంది. మొత్తం 24 బిట్లు. ఒక్కో చుక్కలో మూడు రంగుల అంకెలు ఉంటాయి కాబట్టి మూడు బిట్లు దాచవచ్చు. అంటే 'స' దాగడానికి 8 చుక్కలు చాలు.

మొదటి చుక్కలో ఎరుపు 200, ఆకుపచ్చ 153, నీలం 96 ఉన్నాయనుకుందాం. అందులో దాచాల్సినవి 'స'లోని మొదటి మూడు బిట్లు 1, 1, 1. చివరి బిట్ 1 కావాలంటే అంకె బేసి సంఖ్య కావాలి. కాబట్టి 200ను 201 చేస్తారు. 153 ఎలాగూ బేసి సంఖ్యే, దాన్ని అలాగే వదిలేస్తారు. 96ను 97 చేస్తారు. ఇలా సగటున సగం అంకెలను మార్చాల్సిన పనే ఉండదు. 'సలాం' అనే మాట మొత్తానికి 96 బిట్లు, అంటే 32 చుక్కలు సరిపోతాయి.

ఇప్పుడు ఫోన్ కెమెరా సంగతి చూస్తే, 12 మెగాపిక్సెల్ ఫొటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుంటాయి. చుక్కకు మూడు చొప్పున 3 కోట్ల 60 లక్షల బిట్లు, అంటే 45 లక్షల బైట్లు. ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు వేసుకున్నా 15 లక్షల సంకేతాలకు చోటుంది. పుస్తకాలే పట్టేస్తాయన్నమాట. అవతలివాళ్లు దాన్ని చదవాలంటే ఏ చుక్క నుంచి మొదలుపెట్టాలో, ఏ వరుసలో వెళ్లాలో తెలిసిన ప్రోగ్రామ్ వాళ్ల దగ్గర ఉండాలి.

వాట్సాప్‌లో పంపితే ఏమవుతుంది?

ఈ పద్ధతికి పెద్ద బలహీనత ఒకటుంది. పీఎన్‌జీ, బీఎంపీ రకం ఫైళ్లలో ప్రతి చుక్క అంకె ఉన్నది ఉన్నట్టే నిలవ ఉంటుంది. మనం ఎక్కువగా వాడే జేపెగ్ అలా కాదు. అది ఫొటోను 8 అడ్డం, 8 నిలువు చుక్కల గడులుగా విడగొట్టి, కన్ను గమనించని సన్న వివరాలను సవరించేసి సైజు తగ్గిస్తుంది. కిరాణా కొట్టులో 99 రూపాయల 60 పైసలను 100కు సర్దినట్టు. పైసల్లో దాచిన రహస్యం ఆ సర్దుబాటులో కొట్టుకుపోతుంది.

వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపినప్పుడు యాప్ సాధారణంగా దాన్ని మళ్లీ కుదించే పంపుతుంది. కాబట్టి చివరి బిట్లలో దాచిన మాట అవతలివాళ్లకు చేరేసరికి చెదిరిపోతుంది. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. గ్రూపుల్లో పదిచోట్ల ఫార్వర్డ్ అయిన ముబారక్ ఫొటోలో ఇలాంటి రహస్యం చెక్కుచెదరకుండా ఉండటం ఎంత కష్టమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

జేపెగ్‌లోనే నిలబడేలా దాచే పద్ధతులూ ఉన్నాయి. అవి చుక్కల అంకెలను ముట్టుకోకుండా, కుదింపు తర్వాత మిగిలే అంకెల్లో మార్పులు చేస్తాయి. 2001లో ఆండ్రియాస్ వెస్ట్‌ఫెల్డ్ తయారుచేసిన ఎఫ్5 అలాంటిదే. ఇంకో మోటు పద్ధతి కూడా ఉంది. జేపెగ్ ఫైలు చివర 'ఇక్కడితో ఫొటో అయిపోయింది' అని చెప్పే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తర్వాత ఏం అతికించినా ఫొటో చూపించే యాప్ పట్టించుకోదు. ఫొటో మామూలుగానే కనిపిస్తుంది. కానీ ఫైలు సైజు పెరుగుతుంది కాబట్టి తనిఖీలో త్వరగా దొరికిపోతుంది.

భద్రతకు ఎక్కడ పనికొస్తుంది?

మెసేజ్‌లను వడకట్టే చోట, కేవలం ఎన్‌క్రిప్షన్ వాడినందుకే మనిషిని అనుమానించే చోట పనిచేసే విలేకరులకు, హక్కుల కార్యకర్తలకు ఈ విద్య ఒక రక్షణ. ఎక్స్‌రే, స్కానింగ్ బొమ్మల్లోనే రోగి వివరాలను దాచి, బొమ్మ ఒకరిది, పేరు ఇంకొకరిది కాకుండా చూసే పద్ధతుల మీద పరిశోధనలు చాలాకాలంగా జరుగుతున్నాయి. సినిమా కంపెనీలు, ఫొటోగ్రాఫర్లు తమ సొత్తు ఎవరు దొంగిలించారో పట్టుకోవడానికి కనిపించని వాటర్‌మార్క్ వేస్తారు. ఇది కూడా ఇదే కుటుంబానికి చెందిన పద్ధతి. రహస్యం పంపడం కాకుండా, బొమ్మ ఎవరిదో చెప్పడం దీని పని.

కృత్రిమ మేధ వచ్చాక ఈ వాటర్‌మార్క్‌కు ప్రాధాన్యం పెరిగింది. గూగుల్ డీప్‌మైండ్ 2023 ఆగస్టులో సింథ్ ఐడీ అనే పద్ధతిని ప్రకటించింది. తమ ఏఐతో తయారైన బొమ్మలో కంటికి కనిపించని గుర్తును కలిపి, తర్వాత దాన్ని తనిఖీ చేయడం దీని ఉద్దేశం. గొడవలు రేపే నకిలీ బొమ్మలు తిరిగే రోజుల్లో ఇది పనికొచ్చేదే. కానీ ఒక జాగ్రత్త అవసరం. గుర్తు దొరికితే అది ఏఐ బొమ్మ అని చెప్పవచ్చు. గుర్తు దొరకనంత మాత్రాన అసలు ఫొటో అని అనుకోకూడదు. ఆ గుర్తు వేయని ఏఐ సాధనాలు చాలానే ఉన్నాయి.

దాచడం మీదే పూర్తిగా ఆధారపడటం మాత్రం భద్రత అనిపించుకోదు. డచ్ పండితుడు కెర్కాఫ్స్ 1883లోనే ఒక సూత్రం చెప్పాడు. పద్ధతి మొత్తం శత్రువుకు తెలిసిపోయినా, తాళంచెవి ఒక్కటి తెలియకపోతే చాలు, రహస్యం నిలబడాలి. అందుకే మంచి స్టెగనోగ్రఫీ సాధనాలు ముందు పాస్‌వర్డ్‌తో మెసేజ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాతే ఫొటోలో చల్లుతాయి. ఏ చుక్కల్లో చల్లాలో కూడా ఆ పాస్‌వర్డే నిర్ణయిస్తుంది.

దాచింది దొరికేది ఎలా?

కన్ను మోసపోయినా లెక్క మోసపోదు. దాచినదాన్ని పట్టుకునే విద్యను స్టెగ్‌ఎనాలిసిస్ అంటారు. ఆడిటర్ పనిలాంటిదే ఇది. దుకాణం లెక్కల్లో ప్రతి నెలా ఖర్చు మరీ సరిసమానంగా కనిపిస్తే, మనిషి రాసిన లెక్క ఇంత చక్కగా ఉండదే అని ఆడిటర్‌కు అనుమానం వస్తుంది. ఫొటోలోనూ అంతే.

మామూలు ఫొటోలో 200 అంకె ఉన్న చుక్కలు ఎన్నో, 201 అంకె ఉన్న చుక్కలు ఎన్నో లెక్కపెడితే సాధారణంగా రెండూ సమానంగా రావు. చివరి బిట్లలో ఎన్‌క్రిప్ట్ చేసిన మెసేజ్ నింపితే 0లు, 1లు దాదాపు సగం సగం పడతాయి. దాంతో 200, 201 చుక్కల సంఖ్య దగ్గరదగ్గరగా వచ్చేస్తుంది. 1999లో వెస్ట్‌ఫెల్డ్, ఫిట్జ్‌మాన్ ఈ తేడాను గణాంక పరీక్షతో పట్టి చూపించారు. 2001లో జెస్సికా ఫ్రిడ్రిచ్, ఆమె సహచరులు ఇంకా సున్నితమైన పద్ధతి తెచ్చారు. దాంతో మెసేజ్ సుమారు ఎంత పొడవుందో కూడా అంచనా వేయవచ్చు. ఇప్పుడు ఈ పనికి ఏఐ మోడళ్లనూ వాడుతున్నారు. ఫొటో నిండా కుక్కితే పట్టుబడటం సులభం, కొంచెమే దాస్తే కష్టం.

పుకారు ఎంత, నిజం ఎంత?

2001 సెప్టెంబర్ 11 దాడులకు కొన్ని నెలల ముందే, ఉగ్రవాదులు వెబ్‌సైట్లలోని ఫొటోల్లో ఆదేశాలు దాచి పంపుకుంటున్నారని అమెరికా పత్రికల్లో కథనాలు వచ్చాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్స్ ప్రోవోస్, పీటర్ హనీమన్ దీన్ని లెక్కతో పరీక్షించారు. ఈబే వేలం సైట్‌లోని 20 లక్షల ఫొటోలను జల్లెడ పట్టారు. అనుమానంగా కనిపించినవాటికి పాస్‌వర్డ్‌లు ఊహించి విప్పే ప్రయత్నం కూడా చేశారు. దాచిన మెసేజ్ ఒక్కటీ దొరకలేదు. వాళ్లు వెతికిన చోట, వెతికిన పద్ధతులకు మాత్రమే ఆ ఫలితం వర్తిస్తుంది. అయినా ఒక సమాజం మొత్తం మీద నీడ పడేలా రాసేముందు ఇలా లెక్క చూసుకోవాల్సిందని ఆ పరిశోధన గుర్తుచేస్తుంది.

నిజంగా రుజువైన కేసులూ ఉన్నాయి. 2010 జూన్‌లో అమెరికాలో మారుపేర్లతో బతుకుతున్న 10 మంది రష్యా గూఢచారులను ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. వెబ్‌సైట్లలో పెట్టిన మామూలు ఫొటోల్లో వాళ్లు సందేశాలు దాచేవారని కోర్టు పత్రాల్లో ఉంది. 2018లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్ షావోచింగ్ జెంగ్, టర్బైన్ల సాంకేతిక ఫైళ్లను ఒక సూర్యాస్తమయం ఫొటో ఫైలులో కలిపి తన సొంత ఈమెయిల్‌కు పంపుకుని పట్టుబడ్డాడు. 2023 జనవరిలో అమెరికా కోర్టు అతనికి 24 నెలల జైలు శిక్ష వేసింది. ఆఫీసు పని చేసేవాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, కంపెనీల్లో బయటికి వెళ్లే ఫొటోల మీద కూడా నిఘా ఉంటుంది.

ఫొటో తెరిస్తే ఖాతా ఖాళీ అవుతుందా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఫొటోలో దాచిన వైరస్ కోడ్, కాగితం మీద రాసిన వంటకం లాంటిది. వండేవాళ్లు లేకపోతే అది కాగితమే. గ్యాలరీ యాప్ ఫొటోను చూపిస్తుందే తప్ప చివరి బిట్లను ఏరి, కూర్చి, నడిపించదు. నేరగాళ్లు ఫొటోల్లో కోడ్ దాచడం నిజమే. కానీ అప్పటికే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో చొరబడిన వైరస్, తన మిగతా భాగాన్ని ఎవరి కంటా పడకుండా తెచ్చుకోవడానికే ఎక్కువగా ఆ ఫొటోలు వాడుకుంటుంది. అంటే తలుపు అంతకుముందే ఇంకోచోట తెరుచుకుని ఉంటుంది.

ఆ తలుపు మూడు రకాలుగా తెరుచుకుంటుంది.

మొదటిది, ఫొటోలా నటించే యాప్. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. ఫొటో పేరుతోనో, షాదీ కార్డు పేరుతోనో, బ్యాంకు కేవైసీ పేరుతోనో వచ్చే ఫైలు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది ఫొటో కాదు, ఆండ్రాయిడ్ యాప్. పెళ్లి పిలుపుల పేరుతో ఇలాంటి ఫైళ్లు వస్తున్నాయని 2024 చివర్లోనే పోలీసులు హెచ్చరించారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఇస్తే ఓటీపీలు నేరగాడికి చేరిపోతాయి. ఇక్కడ డబ్బు పోయేది ఫొటో చూసినందుకు కాదు, యాప్ ఎక్కించి అనుమతులు ఇచ్చినందుకు.

రెండోది, పేరు ఒకటి, లోపల ఇంకొకటి. 2025 ఏప్రిల్‌లో విండోస్ కంప్యూటర్ల వాట్సాప్‌లో ఇలాంటి లోపం బయటపడింది. పాత వెర్షన్లలో అటాచ్‌మెంట్ ఫొటోలా కనిపించి, నొక్కితే ప్రోగ్రామ్‌గా తెరుచుకునే అవకాశం ఉండేది. అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు.

మూడోది, ఫొటో చూపించే సాఫ్ట్‌వేర్‌లోనే లోపం. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ రకం ఫొటోలను చూపించే కోడ్‌లో తీవ్రమైన లోపం దొరికింది. క్రోమ్‌తో పాటు చాలా యాప్‌లు హడావిడిగా అప్‌డేట్లు ఇచ్చాయి. 2021లో పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ గిఫ్ బొమ్మల్లా పేరు పెట్టుకున్న ఫైళ్లతో ఐఫోన్లలోకి చొరబడినట్టు సిటిజన్ ల్యాబ్ బయటపెట్టింది. ఇందులో నొక్కాల్సిన పని కూడా ఉండదు. కానీ ఇవి చాలా ఖరీదైన ఆయుధాలు. సాధారణంగా విలేకరులు, కార్యకర్తలు, నాయకుల మీద వాడతారు. వీటికి మన దగ్గరున్న మందు అప్‌డేట్లే.

ఎవరూ దాచకుండానే దాగిన సమాచారం

స్టెగనోగ్రఫీ కంటే ఇళ్లకు దగ్గరగా ఉన్న విషయం ఇంకొకటుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో తేదీ, సమయం, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా ఫైలులో నమోదవుతాయి. దీన్ని ఎగ్జిఫ్ సమాచారం అంటారు. 2012 డిసెంబర్‌లో పరారీలో ఉన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని ప్రపంచానికి తెలిసింది ఒక పత్రిక పెట్టిన ఫొటోలోని ఈ సమాచారం వల్లే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇది సాధారణంగా తొలగిపోతుంది. డాక్యుమెంట్‌గా, ఈమెయిల్‌లో పంపితే అలాగే వెళ్తుంది. ఆడపిల్లల ఫొటోలు, ఇంటి ఫొటోలు, సంబంధాల కోసం తెలియనివాళ్లకు పంపే ఫొటోల విషయంలో ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంట్లో పాటించాల్సినవి

1. గ్రూపులో వచ్చిన ముబారక్ ఫొటో చూడటానికి భయపడక్కర్లేదు. ఫైలు పేరు చివర 'ఏపీకే' ఉంటే మాత్రం ఎవరు పంపినా నొక్కవద్దు. ఖాలా నంబరు నుంచి వచ్చినా సరే, ముందు ఫోన్ చేసి అడగాలి. ఆమె ఫోనే నేరగాడి చేతిలో ఉండి ఉండవచ్చు.

2. ఫొటో తెరిస్తే 'యాప్ ఇన్‌స్టాల్ చేయాలా' అని అడిగిందంటే అది ఫొటో కాదు. అక్కడే వెనక్కి రావాలి.

3. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయాలి. ఫోన్, యాప్‌ల అప్‌డేట్లు వాయిదా వేయవద్దు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఈ రెండు పనులూ పిల్లలే చేసిపెట్టాలి.

4. పాస్‌వర్డ్‌లను, ఏటీఎం పిన్‌ను ఫొటోలో దాచుకుంటే చాలనుకోవద్దు. తాళం లేకుండా దాచింది దొరికితే అంతా పోయినట్టే. పాస్‌వర్డ్ మేనేజర్ వాడటం మేలు.

5. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేసుకోవాలి.

6. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించాలి. సిగ్గుపడి ఒక పూట ఆగితే డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఎంత త్వరగా చెబితే దాన్ని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

7. వచ్చిన ఫైలును, చాట్‌ను, నంబరును డిలీట్ చేయవద్దు. పోలీసులకు అవే ఆధారం. వేరేవాళ్ల ఫోన్‌లోకి వైరస్ ఎక్కించడం ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కంప్యూటర్, ఫోన్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే 66డి సెక్షన్ వర్తిస్తుంది.

'ఫొటోలు తెరవకండి' అనే హెచ్చరికను ఇంకో పది గ్రూపులకు ఫార్వర్డ్ చేసేముందు, దాని బదులు ఒక్క వాక్యం పంపితే ఎక్కువ మేలు జరుగుతుంది: ఏపీకే ఫైలు నొక్కవద్దు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.